తోడికోడలి చెట్టు మీద కొంగలు

గుడిబండె దగ్గరి పల్లెలో అన్నదమ్ములు వేరుపడినప్పుడు చెరో చింతచెట్టు వచ్చింది. తమ్ముడి భార్య మునివెంకటమ్మ చెట్టే పెద్దది. అయినా మాఘమాసంలో సముద్రం వైపు నుంచి వచ్చే పెద్ద కొంగలు తోడికోడలు లక్ష్మీదేవమ్మ చెట్టు మీదే గూళ్లు కట్టేవి. పసుపు ముక్కులు, రెక్కల చివర గులాబి రంగు.

పురిటికొచ్చిన ఆడబిడ్డలని ఊరు వాటిని మురిపెంగా చూసుకునేది. రెట్టను చెరువుమట్టిలో కలిపి చల్లితే లక్ష్మీదేవమ్మ రాగిచేను ఏపుగా లేచేది. బాగేపల్లి సంతకు పోయేవాళ్లు బండి ఆపి చూసేవారు. మునివెంకటమ్మ చెట్టు కింద మాత్రం ఎవరూ తలెత్తేవారు కాదు. ఆమె చెట్టుకు పసుపుకుంకుమ పెట్టింది, కొమ్మల్లో పుల్లలు పేర్పించింది. ఒక్క కొంగా వాలలేదు.

"మీ అక్క చెయ్యి సల్లనిదమ్మా" అంది ఒక ముసలామె, 1938లో ఒకనాడు. ఆ పూట మునివెంకటమ్మకు అన్నం సహించలేదు.

మర్నాడు తోడికోడలు చేనికి పోగానే ఆ చెట్టు కింద తడిగడ్డి, ఎండుమిరపకాయలు కలిపి నిప్పు పెట్టింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. పొగకు తాళలేక పిల్లలు గూళ్లలోంచి కిందపడ్డాయి. గూళ్లలో పిల్లలుంటాయన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

లక్ష్మీదేవమ్మ పరుగున వచ్చి వాటిని ఒడిలోకి ఎత్తుకుంది. "నామీద కోపముంటే నన్ను కొట్టాల్సింది! ఇవేం చేసినాయి నిన్ను?"

మరుసటేడు కొంగలు రాలేదు. ఇద్దరికీ లేవు కదా అని మునివెంకటమ్మకు కొన్నాళ్లు లోపల తృప్తిగానే ఉండింది. తర్వాత ఖాళీ కొమ్మలు చూడబుద్ధి కాలేదు. తోడికోడళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

కొన్నేళ్లకు ఒక మార్గశిరంలో చుట్టాల పెళ్లికి సూళ్లూరుపేట పోయినప్పుడు మునివెంకటమ్మ సముద్రం పక్కనున్న పులికాట్ సరస్సు చూసింది. మోకాలిలోతు ఉప్పునీళ్లలో అవే కొంగలు, కనుచూపు మేర.

"నీళ్లలో చేపలున్నన్నాళ్లు ఇక్కడే ఉంటాయమ్మా. నీళ్లు ఇంకితే పైఊళ్లకు పోతాయి" అన్నాడు వల సర్దుకుంటున్న జాలరి, వాటివైపు చూడకుండానే. రోజూ వీటి మధ్యే బతుకుతూ చూడనైనా చూడని ఆ మనిషిని చూసి ఆమెకు కడుపు మండింది.

ఊరికి రాగానే నేరుగా తోడికోడలి గడప తొక్కింది.

"అక్కా, అవి బతికే ఉండాయి. సముద్రం కాడ చూసొచ్చినా."

లక్ష్మీదేవమ్మ చేట పక్కన పెట్టింది.

"చూసొచ్చినావా? నువ్వా?" అంది. "నాకు చూసే రాత లేకపాయె."

ఆ గొంతులోని మంట ఏమిటో మునివెంకటమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. గడపలోనే కూలబడి, నీళ్లు ఎట్లుండాయో, కొంగలు ఎట్ల నిలబడి ఉండాయో మొదటినుంచి చెప్పసాగింది.