ఒంటెద్దు చెత్తబండి తిరిగిన దారి

ధాత నామ సంవత్సరంలో మొదలైన పెద్ద కరువు రెండో ఏట ఆత్మకూరులో చెత్తబండి పని మాది. బండి సర్కారుది, ఎద్దు మాది. కలరా వస్తుందని భయపడి, ఇళ్ళ చెత్తంతా ఊరి బయట గుంతలో పోయమన్నారు. నా పెనిమిటి బండి తోలేవాడు. నేను గంపా చీపురూ పట్టుకుని వెనకే నడిచేదాన్ని. మా జోడెద్దుల్లో ఒకటి అప్పటికే మేత లేక చచ్చిపోయింది. మిగిలినదానికి డొక్కలు బయటపడ్డాయి.

"ఇది ఉండాది కాబట్టి మనం గంజి తాగతా ఉండాము. ఇది పడితే మనం పడినట్టే" అన్నాడు నా పెనిమిటి.

మేత సంగతి అలా ఉంచి, మేం తిరిగే దారే దాన్ని చంపుతోందని నాకు తోచింది. తెల్లవారేసరికి పెద్దవీధిలో ఉండాలి. సేద్యం ఆగిపోయి పెంట చేలకు తోలే పని లేక, అక్కడి కొట్టాల తడి పెంటంతా మా బండికే ఎత్తేవాళ్ళు. మొదటి వీధిలోనే బండి నిండేది. గుంత ఆ వీధి చివరే ఉన్నా, ఎండెక్కాక మా పని చూసే సర్కారు మేస్త్రీ వచ్చి చూస్తే తప్ప పోయనివ్వరు. అందుకని ఆ బరువుతో ఊరంతా తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చేవాళ్ళం. అంత తెలివితక్కువ తిరుగుడు ఎక్కడైనా ఉంటుందా? ముందు చిన్న వీధులు ముగించి పెద్దవీధికి ఆఖరున వస్తే ఎద్దుకు సగం కష్టం తప్పుతుంది.

నాకు నోరెక్కువ. ఆ వీధిలో పెద్దింటికి పోయి, వాకిలి బయట నిలబడి, విషయమంతా చెప్పి అడిగాను. ఆ ఇంటి ఇల్లాలు చెడ్డది కాదు. ఓపిగ్గానే విన్నది.

"ముగ్గు ఏసినాక చెత్తబండి నా వాకిట్లోకి వచ్చేదేంది? ఏసేలోపల రండి, లేకుంటే రాబాకండి" అన్నది.

వీధంతా అదే మాట. మేస్త్రీకి చెప్పుకుంటే, పెద్దవాళ్ళతో తనకెందుకన్నాడు. ఆ కోపం ఎవరి మీదా చూపలేక దారి పొడుగునా ఎద్దునే తిట్టాను. పాపం, అది చెవులు కూడా ఆడించలేదు.

ఎండలు ముదిరాయి. అనంతసాగరం వైపు నుంచి వచ్చే గడ్డి ఆగిపోయింది. పెద్దవీధిలోనూ పశువులు కొన్ని చచ్చాయి, కొన్నిటిని అమ్ముకున్నారు. ఒకరోజు ఆ ఇల్లాలే నన్ను పిలిచింది.

"తినేదానికే బియ్యం లేవు, ముగ్గుకు పిండి యాడిది? ఇంక మీకు వీలైనప్పుడు రండి" అన్నది తల దించుకుని.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిపడాలో మాత్రం తెలియలేదు.

మర్నాటి నుంచి నేను చెప్పిన దారినే తిరిగాం. ఎత్తడానికి ఊళ్ళో పెద్దగా చెత్తే లేదు. ఖాళీ బండిని కూడా ఎద్దు ఆగి ఆగి లాగేది. దారి తగ్గించగలిగాను గాని గుప్పెడు గడ్డి పుట్టించలేకపోయాను.

కొద్దిరోజులకే అది పెద్దవీధిలో కూలబడింది. నా పెనిమిటి తోక పట్టి లేపబోయాడు, నేను భుజం ఆనించాను. లేవలేదు. మధ్యాహ్నానికి పోయింది.

చచ్చిన పశువును తీసుకుపోవాల్సింది కూడా మా బండే. నా పెనిమిటి కాడి కింద తన మెడ పెట్టాడు. నేను మా పేటకు పరుగెత్తి మనుషులను పిలుచుకొచ్చాను. మామూలు రోజుల్లో ఎద్దును బండెక్కించడానికి పదిమంది కావాలి. మా ఎద్దుకు నలుగురు సరిపోయారు. ఆ నలుగురూ గంజి నీళ్ళ మీద బతుకుతున్నవాళ్ళే.