వంగిన కడ్డీ
ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్లంతా రాగి గొట్టాలు వంపించుకోవడానికి ఆమె దగ్గరికే వస్తారు కనుక వీధి వీధంతా ఆమెను గొట్టాలమ్మ అంటుంది. ఒక కనుబొమ ఎప్పుడూ సగమే ఉంటుంది. మొలిచేలోపే మళ్లీ కాల్చుకుంటుంది. గొట్టాన్ని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక మోకాలికి ఆనించి, కుదురుగా కూర్చోని పిల్లకు జడ వేస్తున్నట్టు తిట్టుకుంటూ వంచుతుంది. భర్త పోయిన కొత్తలో బావగారు ఇంటి ముందుభాగం అడిగితే మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. మొన్న ఆయన మళ్లీ వచ్చి ఆమె పనిచేసుకునే షెడ్డు కూడా కావాలన్నాడు.

"కాస్త వంగితే నీ సొమ్మేం పోతుందమ్మా?"

ఆమె కాల్చి చల్లార్చిన చిటికెనవేలంత లావు రాగి కడ్డీ ఒకటి ఆయన చేతిలో పెట్టి, "వంచండి బావగారూ," అంది. ఆయన అవలీలగా వంచేసి నవ్వాడు.

"ఇప్పుడు తిన్నగా చేయండి."

ఆయన కడ్డీని మోకాలికేసి అదిమాడు, పళ్లు బిగించాడు. చొక్కా గుండీ ఊడింది కానీ కడ్డీ మాత్రం తిన్నబడలేదు.

"వంచినప్పుడు లోపలి రేణువులు నలిగి, సాగి, ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. ఇక మీ మాట వినవు," అంది.

బావగారు తక్కువ తిన్నవాడేం కాదు. "మళ్లీ కాలిస్తే మెత్తబడదూ?" అన్నాడు.

"ఎందుకు మెత్తబడదూ? భేషుగ్గా మెత్తబడుతుంది." ఆమె కడ్డీ లాక్కుని, గ్యాస్ మంట కట్టేసింది. "కానీ కాల్చాల్సింది నేను కదా!"