వైరు వాళ్ళది, ఫోను మాది

మా బావ ఫోనులో "హలో" వినగానే ఆ లైను ఆరోగ్యం చెప్పేస్తాడు. "ఎక్కడో తడి తగిలింది" అంటాడు. "ఎవరో బల్ల జరిపి వైరు నలిపారు" అంటాడు. వెళ్ళి చూస్తే అంతే అయ్యుంటుంది. మా అక్కకి మాత్రం ఈ విద్య మీద పెద్ద గౌరవం లేదు. ఇంట్లో తను మూడుసార్లు పిలిచినా వినపడని చెవులు ఊళ్ళోవాళ్ళ ఫోన్ల దగ్గరే ఎలా తెరుచుకుంటాయని ఆమె సందేహం.

బావ ఇరవై ఏళ్ళు పెద్ద టెలిఫోను కంపెనీలో లైన్‌మన్‌గా స్తంభాలెక్కాడు. వాళ్ళు మనుషుల్ని తగ్గించుకున్న ఏడాది ఇంటికొచ్చి, నెల రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని, ఆ తర్వాత ఓ మెట్ల కింది గది అద్దెకి తీసుకుని సొంతంగా ఇంటర్నెట్ ఫోన్ల కంపెనీ పెట్టాడు. కంపెనీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, వైరు లాగే ఇద్దరు మనుషులు, ఫోనెత్తే నేను. మేడ మీంచి మేడ మీదికి మా వైరు వెళ్తుంది. దాని మీద ఇంటర్నెట్, ఆ ఇంటర్నెట్ మీద ఫోను. దుకాణాలు, ఆఫీసులు, ఒక బడి, అన్నీ కలిపి రెండొందల చిల్లర కనెక్షన్లు ఉండేవి. అందరూ ఆయన్ని ఇప్పటికీ లైన్‌మన్ గారనే పిలుస్తారు.

మా దగ్గర ఓ పద్ధతి ఉంది. ఎవరు ఫోన్ చేసినా మూడోసారి మోగేలోపు మనిషే ఎత్తాలి. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతంటే బావకి గిట్టదు. ఆయన పుణ్యమా అని నేను భోజనం చేస్తూ ఎడమ చేత్తో ఫోనెత్తి, నోట్లో ముద్ద ఉన్నట్టు అవతలివాళ్ళకి తెలియకుండా మాట్లాడటం నేర్చుకున్నాను.

ఆయనకి ఇంకో పట్టుదల కూడా ఉండేది. అదే మా కొంప ముంచేలా తయారైంది. వైరు మాది కాకపోతే ఫోను ఇవ్వడు. బావ పనిచేసిన ఆ పెద్ద కంపెనీయే చవగ్గా ఇంటర్నెట్ ఇస్తామని వీధి వీధీ తిరిగాక చాలామంది మా దగ్గరికొచ్చి, "ఇంటర్నెట్ వాళ్ళ దగ్గర తీసుకుంటాం, ఫోన్లు మాత్రం మీవే ఉండనివ్వండి" అని అడిగారు. "పరాయి వైరు మీద నా ఫోను మోగదు" అని మొహం మీదే చెప్పేవాడు. నిక్షేపంలా మోగుతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అలా రెండేళ్ళలో డెబ్భై మందిని చేజేతులా పంపేశాడు. నేనేమన్నా అంటే "నీకు తెలీదులే మరదలా" అనేవాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండేది. విసుక్కునే వాళ్ళందరికీ సర్దిచెప్పేది నేనే కదా.

ఆఖరికి డాక్టరమ్మ ఆస్పత్రి వంతు వచ్చింది. ఇరవై రెండు ఫోన్లు, మా వాటిల్లో అదే పెద్దది. అది పోతే గది ఖాళీ చేసి అందరం తలో దారి చూసుకోవాల్సిందేనని బావే అన్నాడు. డాక్టరమ్మ తనే ఫోన్ చేసింది.

"స్కానింగులు పంపడానికి మీ ఇంటర్నెట్ చాలట్లేదు లైన్‌మన్ గారూ. వాళ్ళకి మూడేళ్ళకి సంతకం పెట్టేశాను. ఫోన్లు కూడా వాళ్ళే ఇస్తామన్నారు."

బావ "మంచిదమ్మా" అని పెట్టేశాడు. ఒక్క మాట బతిమాలలేదు.

సోమవారం పెద్ద కంపెనీ వాళ్ళు ఆస్పత్రి నంబర్లని తమ వైపుకి మార్చుకున్నారు. మా బిల్లు ముందు పెట్టుకుని అందులో ఉన్నవన్నీ రాసుకుపోయారు. బిల్లులో లేని నంబరు ఒకటుంది. ఆస్పత్రి రెండు గదులుగా ఉన్నప్పటిది. మందుల చీటీల మీదా, గోడ మీది బోర్డు మీదా ఇప్పటికీ అదే. కొత్త నంబర్లు వచ్చినప్పుడు బావ ఆ పాతదానికి చేసినా కొత్తవే మోగేలా దాన్ని ఊరికే వాటి వెనక తగిలించి ఉంచాడు. పైసా తీసుకోలేదు కాబట్టి బిల్లెక్కలేదు. బిల్లెక్కనిది ఒకటుందని ఆస్పత్రివాళ్ళు కూడా మరిచిపోయారు.

మంగళవారం పొద్దున నా కంప్యూటరు మీద ఆ నంబరు ఎర్రగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఫోన్లొస్తున్నాయి, పోవడానికి చోటు లేదు.

"బావా, ఆస్పత్రి పాత నంబరు తీసేస్తున్నా."

"ఎందుకు?"

"మనల్ని వదిలేశారు కదా. తెలిసొస్తుంది."

"ఫోన్ చేసేది డాక్టరమ్మ కాదే, జబ్బుపడ్డవాళ్ళు. వాళ్ళు మనకేం చేశారు?"

ముందు ఆస్పత్రి కొత్త నంబరుకి తిప్పి చూశాం. అక్కడ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఓ గొంతు పలికి, ఏది నొక్కినా కాసేపటికి తెగిపోతోంది. దాంతో ఆ ఫోన్లన్నీ నా బల్ల మీదికి వచ్చిపడ్డాయి. రెండు రోజులు నేను జీతం లేని ఆస్పత్రి గుమాస్తానయ్యాను. కుట్లు విప్పించుకోవాల్సిన వడ్రంగి, మాత్ర తిండికి ముందో తర్వాతో మరిచిపోయిన ముసలాయన, నా గొంతు విని "డాక్టరమ్మకి గొంతు పట్టేసిందా" అని ఆరాతీసిన పెద్దావిడ. మందుల సంగతి నేను చెప్పకూడదు కాబట్టి పేరు, నంబరు, సంగతి కాగితం మీద రాసి, గంటకోసారి రెండు వీధులు నడిచి నర్సు చేతిలో పెట్టి వచ్చేదాన్ని. డాక్టరమ్మకి మాత్రం చెప్పొద్దన్నాడు బావ. అడుక్కోవడానికి వచ్చామనుకుంటుందట. బుధవారం సాయంత్రానికి అరవై నాలుగు కాగితాలయ్యాయి.

గురువారం డాక్టరమ్మే మా గదికి వచ్చింది. గుమ్మం పొట్టిది, తల వంచుకుని రావాల్సి వచ్చింది. చేతిలో నా కాగితాల కట్ట ఉంది.

"ఈ రాత ఎవరిది?"

నేను చెయ్యెత్తాను.

"ఫోన్లు తగ్గాయేంటా అనుకుంటున్నాను. ఇవన్నీ ఇక్కడికొస్తున్నాయా?" అని బావ వైపు తిరిగింది. "నా ఫోన్లు మీరే చూసుకోండి లైన్‌మన్ గారూ. ఇంటర్నెట్ మాత్రం వాళ్ళదే, ఆ సంతకం నేను మార్చలేను. వాళ్ళ వైరు మీద మీ ఫోన్లు నడుస్తాయా?"

బావ నేలకేసి చూస్తూ, "రేపు చెప్తానమ్మా" అన్నాడు. చేతిలో ఉన్న ఫోను విసిరికొట్టాలనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి పోయి, ఆయన ఎదురుగానే మొత్తం అక్కకి చెప్పాను. బావ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఇరవై ఏళ్ళు ఎక్కారు కదా, ఆ స్తంభాలు మీవా?" అంది అక్క.

"కాదు."

"వైర్లు?"

"కంపెనీవి."

"మరి ఇవాళ ఫలానావాళ్ళ ఫోను మాట్లాడించానని ఇంటికొచ్చి మురిసిపోయేవారే. మీవి కాని వైర్ల మీద అది ఎవరి పని?"

బావ గుండీ దగ్గరే ఆగిపోయాడు. "అన్నేళ్ళు చేశాక ఒక్క కాగితం ముక్క ఇచ్చి పొమ్మన్నారు. మళ్ళీ వాళ్ళ వైరు ముట్టుకోవాలంటే నాకు చెయ్యి రావట్లేదు" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను మొండితనం అనుకున్నది అదీ. నాకు చాలా సిగ్గేసింది. ఆయనకి ఎన్ని మాటలన్నానో అన్నీ గుర్తొచ్చాయి.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మాట మాత్రం తగ్గలేదు. "వాళ్ళు మిమ్మల్ని ఒక్కరినే పొమ్మన్నారు. మీరు డెబ్భై మందిని పొమ్మన్నారు. ఇంక చాలు."

బావ ఆ పొద్దునే వెళ్ళి డాక్టరమ్మకి సరేనన్నాడు. నంబర్లు వెనక్కి రావడానికి వారం పట్టింది. అవి వచ్చిన రోజు ఆస్పత్రిలో పెద్ద కంపెనీ ఇంటర్నెట్ పెట్టెకి తన చేత్తోనే మా ఫోన్లు తగిలించి, గది గదికీ తిరిగి, ప్రతి ఫోను నుంచీ నాకు చేసి విన్నాడు. ఇరవై రెండోదాంట్లో, "వైరు బాగానే ఉంది" అని గొణిగాడు. ఎంత కష్టం మీద అన్నాడో నాకు తెలుసు.

సాయంత్రం గదికొచ్చి, మేం పంపేసినవాళ్ళ నంబర్లన్నీ నా చేత రాయించి, తనే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. మొదటి నంబరు ఓ లాయరు గారిది. బావ గొంతు గుర్తుపట్టి ఆయన ఇబ్బందిపడ్డాడు.

"నేనే చేద్దామనుకున్నానండీ. అక్కడ మాట్లాడే మనిషి దొరకట్లేదు. కానీ మిమ్మల్ని వదిలేసి పోయినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

"మీరు వదల్లేదండీ," అన్నాడు బావ. "నేనే పొమ్మన్నాను. తప్పు నాది. వైరు ఎవరిదైనా పర్లేదు, రేపు రమ్మంటారా?"

లాయరు గారు పదింటికి రమ్మన్నారు. బావ ఆ పేరు పక్కన టైము రాసుకుని, రెండో నంబరు నొక్కాడు.