ఆపా ఎత్తికట్టిన పరదా

మొన్న పొద్దున మా తమ్ముడు తాండూరు నుంచి రైల్లో వచ్చి, వికారాబాద్‌లో నేను పాఠం చెప్పే బడి గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, ఆపా పోయింది" అన్నాడు. పిల్లల ముందే ఏడ్చేశాను. ఆ తర్వాత వాళ్లకు ఆమె సంగతి చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తాండూరులో ఆపాది మా పక్కిల్లు. ఉర్దూలో ఆపా అంటే అక్క; ఊరంతా అలాగే పిలిచేది. అక్షరాలు తారుమారై బళ్లో మొద్దులనిపించుకునే పిల్లల కోసం డెబ్బైల్లో ఆమె ట్యూషన్ పెట్టింది. అలాంటి పిల్లలకు వేరే తీరున చెప్పాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. నేను ఆ మొద్దుల్లో పెద్ద మొద్దును. "ఈ యేడు గూడ ఫెయిలైతే బడి బంద్" అని మా నాన్న తేల్చేశాడు.

ట్యూషన్ సంగతి అందరికీ తెలియాలని ఆపా దండోరా వేయించింది. "సదువు ఎక్కని పిల్లలను ఆపా ఇంటికి తోలుకరండహో" అని డప్పు గల్లీ గల్లీ తిరిగింది. ఒక్కరూ రాలేదు. నా బిడ్డకు చదువు ఎక్కదని నలుగురిలో ఒప్పుకునేదెవరు? మా అమ్మ కూడా నన్ను కొంగు చాటున దాచి దొడ్డి దర్వాజ నుంచి తీసుకెళ్లింది. తర్వాత వచ్చిన ఒకరిద్దరు తల్లులదీ అదే దారి.

ఆపా పలక ఇచ్చేది కాదు. వేలు నీళ్లలో ముంచి నాపబండ మీద రాయమనేది. మా ఊళ్లో బండలకేం కరువు! "తప్పు పోతే ఫికర్ చెయ్యకు బేటీ. ఎండ తుడుస్తది, మళ్ల రాయి" అనేది. నా వంకర అక్షరం ఆరిపోతుంటే ఎంత హాయిగా ఉండేదో.

ఒకనాడు ఆమె మా అమ్మను నిలదీసింది. "మనమేమన్న దొంగతనం చేస్తున్నమా? ఎనక దర్వాజ నుంచి వస్తే పిల్లలు ముందుగాల నేర్చేది సిగ్గే." విసురుగా లేచి వెళ్లి వీధి దర్వాజ పరదాను ఎత్తి కట్టేసింది. పగటిపూట ఆ పరదా లేవడం మేమెన్నడూ చూడలేదు. లోపలి నుంచి ఆమె అత్తగారు గొణిగితే "కనబడాల్సింది పిల్లలు, అమ్మీ" అని మమ్మల్ని ముందరి అరుగు మీద కూర్చోబెట్టింది. స్టేషన్‌కు పోయేవాళ్లంతా మమ్మల్ని చూస్తూ పోయేవాళ్లు.

పప్పుల సేటు ఒకరోజు ఆగి నవ్వాడు. "గీ పిల్లకు సదువొస్తదా ఆపా?"

"మీ దుకాణం బోర్డు సదువుతది. నడువుండ్రి."

ఆపా బురఖా వేసుకుని నా పక్కనే బజారులో నడిచింది. బోర్డు కింద నిలబడితే అక్షరాలు ఎప్పటిలాగే కదిలాయి. గుంపు చేరింది. అందులో మా నాన్న. ఎవరో మాట అందించబోతే ఆపా చెయ్యి అడ్డం పెట్టింది. "జర ఆగుండ్రి. ఆమెనే సదువుతది." నేను గాల్లో వేలితో ఒక్కో అక్షరం రాసుకుంటూ చదివాను: "ఇచ్చట... మేలైన... కందిపప్పు... దొరుకును." చాలాసేపే పట్టింది. మా నాన్న పక్కవాడి భుజం పట్టి ఊపుతూ "నా బిడ్డ! గది నా బిడ్డ!" అన్నాడు.

మర్నాడు సేటు తన మనవడి చెయ్యి పట్టుకుని ముందు దర్వాజ నుంచే వచ్చాడు. ఇక అరుగు చాలలేదు. కొడంగల్ నుంచి కూడా పిల్లలు బస్సులో వచ్చేవారు. ట్యూషన్‌కు బోర్డు పెట్టించమంటే ఆపా నన్ను చూపించి "నా బోర్డు బజార్ల తిరుగుతున్నది" అనేది. అప్పుడెంత గర్వపడ్డానో ఇప్పుడూ అంతే.

నిన్న తాండూరు వెళ్లాను. పరదా దించి ఉంది. లోపల అందరితో కూర్చుని ఏడ్చి బయటికొచ్చాను. గల్లీలో ఒక తల్లి పాపను కొంగు చాటున పెట్టుకుని దొడ్డివైపు దారి వెతుకుతోంది. ఆపా పోయిన సంగతి ఆమెకు తెలియదు. "ట్యూషన్ గీ ఇంట్లనేనా అక్కా?" అంది మెల్లగా.

పరదా ఎత్తి కట్టాను. "గీ ఇంట్లనే. ముందట నుంచే రా, అమ్మా" అన్నాను.

చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టాను. పాప అమ్మ కొంగు వదిలి వచ్చి, వేలు ముంచి, బండ మీద ఒక గీత గీసింది.