నజ్నీన్ గారు పెట్టని సంతకం

"వీడికి అసలు వినబడుతోందంటారా?"

ఈ మాట పైకి అనడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అన్నది మా ఆయనతో కాదు, అత్తగారితో కాదు. ఏలూరు వన్‌టౌన్‌లో ఒక టైలర్ షాపు మేడమీద గదిలో, అప్పుడే పరిచయమైన స్పీచ్ థెరపిస్టు నజ్నీన్ గారితో. మా చరణ్‌తేజకు అప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలు. "అమ్మ" అనడు. దాహమేస్తే నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళతాడు.

ఆవిడ ధైర్యం చెప్పలేదు. "వినికిడి పరీక్ష ఎప్పుడు చేయించారండీ?" అని అడిగారు.

చేయించలేదన్నాను.

"నాలుగు నెలలు థెరపీ అయిందన్నారుగా. అక్కడెవరూ చేయించమనలేదా?"

అనలేదు. మేముండేది ఉంగుటూరు. దగ్గరని తాడేపల్లిగూడెంలో ఒక సెంటరుకు తిప్పాం. అక్కడి మేడమ్ బొమ్మల కార్డులు చూపించి, "మగపిల్లలు లేటుగానే మాట్లాడతారండీ, కంగారు పడకండి" అనేవారు. గోడమీద బంగారు ముద్ర వేసిన సర్టిఫికెట్ ఉండేది. ఆన్‌లైన్‌లో నెల్లాళ్ల కోర్సుకు ఇచ్చిన కాగితం అదని తర్వాత తెలిసింది. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. మండవల్లిలో చేపల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. అయినా ఆ కాగితం దగ్గరికెళ్లి ఒక్కసారి చదవలేదు.

నజ్నీన్ గారికి ముప్పై దాటి ఉండవు. కింద షాపు వాళ్ల నాన్న లాల్ బాషా గారిది. స్కూలు యూనిఫాంలు కుడతారు. ఇంటర్ బైపీసీ అయ్యాక మెడికల్ సీటు రాకపోతే, మాట, వినికిడి లోపాల మీద నాలుగేళ్ల డిగ్రీ చదివారావిడ. అందులో ఆఖరి ఏడాదంతా ఆసుపత్రిలో పనే. ఆ డిగ్రీ ఒక్కటే ఉంటే చాలదు. ఢిల్లీలోని కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కాలి. ఐదేళ్లకోసారి, కొత్త విషయాల మీద క్లాసులకు వెళ్లినట్టు రుజువు చూపించి, దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. వీధిలో ఎవరు "డాక్టరమ్మా" అన్నా, "డాక్టర్ని కాదండీ, స్పీచ్ థెరపిస్టుని" అని దిద్దుతారు.

"దిద్దీ దిద్దీ దీని నోరు అరిగిపోతోందండీ, పిలిచేవాళ్ల నోరు మాత్రం మారట్లేదు" అంటారు లాల్ బాషా గారు.

చింతలపూడి నుంచి ఒకాయన వచ్చి, ఆవిడ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి తన సెంటరులో తగిలించుకుంటానని, ఆవిడ రానక్కర్లేదని అడిగాడట. "ఫ్రేము పిల్లలకి మాటలు నేర్పుతుందాండీ?" అని పంపేశారట.

ఆవిడ మాట మీద విజయవాడలో వాణ్ణి నిద్రపుచ్చి వినికిడి పరీక్ష చేయించాం. రెండు చెవులకూ బాగా తక్కువ వినబడుతోంది. ఏం చెయ్యాలో డాక్టర్లందరూ కలిసి ఏప్రిల్ పదిహేనున కూర్చుని తేలుస్తామన్నారు. ఆలోపు ఫైల్లో వాడి భాష ఏ వయసు పిల్లలతో సమానమో చెప్పే రిపోర్టు ఉండాలి. రిజిస్టరైన థెరపిస్టు సంతకంతో. ఆ రోజు తప్పితే మళ్లీ రెండు నెలలకు. మూడేళ్లు నిండబోతున్న పిల్లాడికి రెండు నెలలంటే ఎంతో, అప్పటికి రాత్రీ పగలూ చదివి తెలుసుకున్నాను.

నజ్నీన్ గారు అప్పటికే ఐదు వారాలుగా వాణ్ణి చూస్తున్నారు. నోట్‌బుక్కు సగం నిండింది. ఇక రిపోర్టు రాయడమే మిగిలిందనుకుని ఏప్రిల్ ఆరున వెళితే, మేడమీద గదికి తాళం. ఆవిడ కింద షాపులో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నారు.

రిజిస్ట్రేషన్ మార్చి ముప్పై ఒకటితో అయిపోయిందట. జనవరిలోనే పెట్టుకున్న రెన్యువల్ తిరిగొచ్చింది. డిగ్రీలో ఆవిడ పేరు ఇంగ్లీషులో జెడ్‌తో ఉంది, ఆధార్‌లో జేతో ఉంది. ముందు ఆధార్ సరిచేయించుకోవాలి.

"ఆధార్ వాళ్లకి నేనే చెప్పానండీ," అన్నారు లాల్ బాషా గారు, కత్తెర కింద పెట్టి. "తెలుగులో ఒకటే జ కదా, జే అనే చెప్పా. ఊళ్లో పిల్లలందరికీ అక్షరాలు పలికించే పిల్ల పేరు, కన్నతండ్రినై ఉండి నేనే తప్పు పలికా."

నాకు నవ్వు రాలేదు. "నోట్‌బుక్కులో అంతా ఉంది కదండీ. రిపోర్టు రాసివ్వండి" అన్నాను.

"ఇప్పుడు నేను రాయకూడదండీ."

"నంబరు అదేగా?"

"నంబరు అదే. గడువు అయిపోయింది."

"అయితే మార్చి ముప్పైన రాసినట్టు తేదీ వెయ్యండి. చూసింది మీరే, అప్పుడు చూసిందే రాస్తారు. అందులో అబద్ధమేముంది?"

సూది ఆగింది. "ఇవాళ తెచ్చిన నీళ్లు వారం కిందట తెచ్చినట్టు మీ ల్యాబులో రాస్తారా ప్రియగారూ?"

"మీకు వాడు చెరువు నీళ్లలా కనబడుతున్నాడేమో. నాకు కొడుకండీ!"

నా గొంతు రోడ్డు మీదికి వినబడి ఉంటుంది. కొలతలిస్తున్న ఒకావిడ తల తిప్పి చూసింది. చరణ్ మాత్రం నేల మీద దారపు రీళ్లు దొర్లించుకుంటూ తలెత్తలేదు.

"సంతకం పెట్టెయ్యమ్మా, పసివాడి పని" అన్నారు లాల్ బాషా గారు మెల్లిగా.

"నాన్నా, కొలత తప్పితే నువ్వు కుట్టు విప్పి మళ్లీ కుడతావు. ఇది విప్పడానికి ఉండదు. అక్కడ ఎవరైనా తేదీ పట్టుకున్నారంటే ఫైలంతా వెనక్కి పంపుతారు. అప్పుడు పోయేవి వీడి నెలలే."

వస్తానని కూడా చెప్పకుండా పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చేశాను. బస్సులో ఆవిణ్ణి మనసులో నానా మాటలూ అన్నాను. బస్సు భీమడోలు దాటకముందే ఫోన్ చేశారు.

"తాడేపల్లిగూడెంలో క్రీస్తుదాసు గారని ఉన్నారండీ. ఇంటర్న్‌షిప్‌లో నాకు పని నేర్పింది ఆయనే. ఆయన రిజిస్ట్రేషన్‌కి గడువుంది, వాణ్ణి తానే చూసి రిపోర్టు రాస్తారట. ఆదివారం మూడింటికి రమ్మన్నారు. నేనూ వస్తాను."

పన్నెండో తారీకు, ఆదివారం. డాక్టర్ల మీటింగుకు మూడు రోజులుంది. నజ్నీన్ గారు మాకంటే ముందే వచ్చి, నోట్‌బుక్కు ఆయనకిచ్చి, బయట మెట్ల మీద చెప్పుల పక్కన కూర్చున్నారు.

"ఏమ్మా జే నజ్నీనూ, లోపలికి రావా?" అన్నారాయన.

"రానండీ. నేనుంటే వాడు నా మొహం చూసి చేస్తాడు. మీ పరీక్ష పాడవుతుంది."

చరణ్ మూడుసార్లు గుమ్మం దాకా పరుగెత్తాడు. మూడుసార్లూ ఆవిడ మొహం రోడ్డు వైపు తిప్పుకున్నారు. నాలుగోసారి వాడు నేల మీద పడి ఏడుపు మొదలెట్టాడు. ముప్పావు గంట ఏ కార్డూ ముట్టుకోలేదు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇవాళ ఈయన కాకపోతే ఇంకెవరూ లేరు.

క్రీస్తుదాసు గారు కార్డులు పక్కన పడేసి, వాడి పక్కనే నేల మీద బోర్లా పడుకున్నారు. అరవై దాటిన మనిషి. వాడు కాళ్లు కొట్టుకుంటే తానూ కొట్టుకున్నారు. వాడు ఆపితే ఆపారు. కాసేపటికి ఏడుపు మానేసి వాడు ఆయన్ని వింతగా చూశాడు. ఆ తర్వాతే పరీక్ష జరిగింది.

చీకటి పడే వేళకు రిపోర్టు రాశారు. వాడి భాష పది నెలల పిల్లాడితో సమానం. నజ్నీన్ గారి నోట్‌బుక్కులో పద్నాలుగు నెలలని ఉంది.

"కాస్త ఎక్కువేశావమ్మా" అన్నారాయన, ఆవిణ్ణి లోపలికి పిలిచి.

ఆవిడ తన పేజీలూ ఆయన పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. "నిజమేనండీ. నా చెయ్యి చూసి చేసినవి కూడా మాటలు అర్థమై చేశాడని వేసుకున్నా. వీడంటే ఇష్టం పెరిగిపోయింది."

నేను తేదీ వెనక్కి వేయించి రాయించబోయిన అంకె ఆ పద్నాలుగే.

పదిహేనున ఫైలు ముందుకు కదిలింది. మే నెలలో రెండు చెవులకూ మెషీన్లు పెట్టారు. రెండు రోజులు పీకి పారేశాడు. మూడో రోజు కుక్కరు విజిల్ వేస్తే అదిరిపడి నా వెనక దాక్కున్నాడు. నేను స్టవ్ ఆపడం మర్చిపోయాను. ఇప్పుడు నాలుగు మాటలు అంటున్నాడు. ముందేమవుతుందో ఇంకా తెలియదు.

జూన్‌లో నజ్నీన్ గారి రిజిస్ట్రేషన్ వచ్చింది. "జెడ్ వచ్చేసిందండోయ్!" అని లాల్ బాషా గారు షాపులోంచే కేకేశారు. మేడమీద గది తెరిచిన రోజు, ఆవిడ ముందు ఆ కాగితం నా చేతిలో పెట్టారు.

"చదవండి."

"భలేవారే, మీ కాగితం నేను చూడటమేంటండీ?" అన్నాను.

ఆ రోజు ఆవిడ చెప్పిందే ఇప్పుడు ప్రతిచోటా చేస్తున్నాను. చెవి మెషీన్లు చూసే అతని దగ్గరా, విజయవాడలో కొత్త థెరపిస్టు దగ్గరా, ఆఖరికి క్రీస్తుదాసు గారి దగ్గర కూడా.

"పేరు చూడండి, నంబరు చూడండి, గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. నా దగ్గరైనా సరే. మొహమాటపడకండి ప్రియగారూ. ఏవండీ అనే మొదలుపెట్టండి, అండీ తోనే ముగించండి. మధ్యలో మాత్రం అడగండి."