బ్రిడ్జెట్ ఊరు వెతికిన మోరీన్ గారు

నిన్న పొద్దున గుడికి బయల్దేరుతున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి "నాన్నా, కాసేపు కూర్చో" అంది.

"మోరీన్ ఆంటీ రాత్రి పోయారంట, హాస్పిటల్లో."

కూర్చున్నాను. చెప్పులు విప్పాలని కూడా తోచలేదు.

మన గ్రూపులో చాలామందికి ఆవిడ తెలుసు. ఇక్కడ సిడ్నీలో, టూంగాబీలో మా పక్కింటావిడ. చర్చిలో మన తెలుగు పూజకి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా ఉండేవారు.

నాకు రాయడం అలవాటు లేదు. తెలిసింది రాస్తున్నాను.

ఆవిడ అమ్మమ్మకి అమ్మ పేరు బ్రిడ్జెట్. ఐర్లండ్ నుంచి చిన్నపిల్లగా ఒంటరిగా ఓడెక్కి సిడ్నీ వచ్చింది. సమాధి ఇక్కడే ఉంది. పాత రాయి పెచ్చులూడిపోతే మోరీన్ గారు కొత్త రాయి చెక్కించారు. పేరు చెక్కారు. "స్వస్థలం" అని చెక్కారు. దాని పక్కన ఖాళీ. అది నిండేదాకా రాయి నిలబెట్టనన్నారు.

ఊరేదో తెలియదు. ఓడ కాగితాల్లో క్లేర్ అనే జిల్లా పేరు, అమ్మానాన్నల పేర్లు ఉన్నాయి, అంతే.

ఊరు కనుక్కుని ఆ ఖాళీ నింపాలి. ఆవిడకున్న కోరిక అదొక్కటే.

రిటైరైన దగ్గర్నుంచి అదే పని. పారమట్టా లైబ్రరీ, పాత రికార్డులుండే ఆర్కైవ్స్, ఇంట్లో కంప్యూటర్. ట్రైన్‌లో తోడుగా నేనూ వెళ్ళేవాణ్ణి, బ్యాగ్ మోస్తూ. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడ నా కోసం నెమ్మదిగా మాట్లాడేవారు. నన్ను జో అని పిలిచేవారు.

మా నాన్న మా ఊరి గుడిలో ఫాదర్ గారికి సాయంగా ఉండే ఉపదేశి, పుట్టిన పిల్లలకిచ్చే జ్ఞానస్నానాల పుస్తకం ఆయనే రాసేవాడు అని ఒకసారి చెప్పాను. అప్పట్నుంచి నన్ను వదల్లేదు.

"మా వాళ్ళలో అందరూ మేరీలు, బ్రిడ్జెట్లే జో. ఎలా చచ్చేది?" అనేవారు.

"మా ఊళ్ళో సగంమంది రాయప్పలే మేడమ్."

"మరి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?"

"ఇంటిపేరు చెప్తాం."

"మాకు ఇంటిపేర్లూ అందరికీ ఒకటే!" అని నవ్వేవారు. మేడమ్ అనొద్దని తిట్టేవారు. నాకు నోరు రాలేదు.

బ్రిడ్జెట్ నాన్నగారి ఊరు దొరికింది. అక్కడి గుడి పుస్తకంలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరి జ్ఞానస్నానాలూ ఉన్నాయి. బ్రిడ్జెట్‌ది లేదు. ఏళ్ళ తరబడి ఆవిడ ఆ పేజీలే తిప్పారు.

ఒకరోజు వాళ్ళ వంటింట్లో టీ తాగుతూ అడిగాను, "బ్రిడ్జెట్ పెద్దపిల్లా మేడమ్?"

"అవును, మొదటిది."

"మాలో తొలికాన్పు పుట్టింట్లో. పెళ్ళీ ఆడపిల్ల ఊరి గుడిలోనే. వాళ్ళమ్మ ఊరు చూశారా?"

ఆవిడ కప్పు కింద పెట్టారు. లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళారు.

ఆ తల్లి పుట్టింటి ఇంటిపేరు వాళ్ళు పక్క ఊళ్ళోనే ఎక్కువ. కొన్నాళ్ళకి ఆ గుడి పుస్తకంలో తల్లిదండ్రుల పెళ్ళి దొరికింది. మోరీన్ గారు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, జుట్టు తడిగా, మా తలుపు దబదబా కొట్టారు. ఏమైందోనని మా అమ్మాయి హడలిపోయింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నారు.

ఆ తర్వాతి పుస్తకంలో బ్రిడ్జెట్ ఉండాలి.

ఆ గుడికి రాశారు. జవాబొచ్చింది. ముందు పుస్తకం ఉంది. తర్వాతవి ఉన్నాయి. ఆ కొద్ది సంవత్సరాల పుస్తకం ఒక్కటే లేదు. ఎప్పుడు పోయిందో వాళ్ళకీ తెలియదంట.

"అక్కడే పుట్టి ఉంటుంది. ఆ పేరే చెక్కించండి మేడమ్" అన్నాను.

"'ఉంటుంది' అని రాయి మీద చెక్కలేం జో" అన్నారు.

నేను మళ్ళీ అడగలేదు.

పోయిన వారం హాస్పిటల్‌కి వెళ్ళాను. ద్రాక్షపళ్ళు తీసుకెళ్ళాను. తినే స్థితిలో లేరు.

"ఇంకెక్కడ చూద్దాం?" అన్నారు.

దుప్పటి సరిచేసి కూర్చున్నాను. నర్సు వచ్చి టైమైంది అనేదాకా అలాగే కూర్చున్నాను.

నిన్న సాయంత్రం పెర్త్ నుంచి వాళ్ళ అక్క కొడుకు ఫోన్ చేశాడు. మంచివాడు. అంత్యక్రియలతో పాటే ఆ రాయి కూడా నిలబెట్టించాలని అతని ఆశ.

"ఆంటీతో కూర్చున్నది మీరే కదా. ఆ ఖాళీలో ఏం రాయమంటారు?" అని అడిగాడు.

ఆ ఊరి పేరు నా నోటి దాకా వచ్చింది.

చెప్తే ఆవిడ మాట కాదన్నట్టు. చెప్పకపోతే బ్రిడ్జెట్ ఏ ఊరూ లేని మనిషైపోతుంది.

మా అమ్మాయి నా మొహం వైపు చూస్తోంది. అతను లైన్లో ఆగే ఉన్నాడు.

"నాకు తెలియదు బాబూ" అన్నాను.

రాత్రంతా అదే ఆలోచన. ఇప్పటికీ తెలియదు. మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి.

మోరీన్ గారూ, వెళ్ళిరండి.
దేవుడు మిమ్మల్ని మీవాళ్ళ మధ్య కూర్చోబెట్టాలి. మీ మనసు ఇక కుదుటపడాలి.