ముళ్లకంపకీ లారీకీ మధ్య

నా చిన్నప్పుడు నన్ను రోడ్డు మీంచి ముళ్లకంపలోకి నెట్టేసిన లారీ డ్రైవరు ఇంతవరకూ తప్పయిందని ఒక్క మాట అనలేదు. నాకు అరవై దాటాయి. అయినా ఆ మాట కోసం ఇంకా చూస్తూనే ఉన్నాను.

మాది ఆగిరిపల్లి దగ్గర పల్లె. నూజివీడు హైస్కూలుకి సైకిల్ మీద వెళ్లేదాన్ని. మామిడి కాపుకొచ్చిందంటే, కాయ దొంగలు పడకుండా ప్రతి తోటవాళ్లూ రోడ్డు అంచుదాకా ముళ్లకంప వేసేవారు. సన్నటి రోడ్డు, రెండు వైపులా కంప. వెనక లారీ వస్తే సైకిల్ దింపడానికి జానెడు మట్టి మిగిలేది కాదు. ఆ రోజు లారీ నన్ను దాటుతూ ఉండగా ఎదురుగా బస్సు వచ్చింది. లారీ హారన్ కొట్టి నా వైపు జరిగింది. ఎడమన ముళ్లు, కుడిన ఇనుము. ఎటూ పోలేక కంపలో పడ్డాను. లారీ ఆగలేదు.

"రేపట్నుంచి సైకిల్ లేదు, ఇంట్లో కూర్చో" అన్నాడు నాన్న. ముందు పెద్ద పరీక్షలు. బడి వేళకి బస్సు లేదు. తప్పు వాడిది, శిక్ష నాకు. అన్నం మానేసి గదిలో కూర్చున్నాను.

ఆ వారంలోనే అదే లారీ కాయ ఎత్తడానికి మా తోటకే వచ్చింది. వెళ్లి డ్రైవరుకి ముళ్లు గీరుకుపోయిన నా చేతులు చూపించాను.

"నువ్వు నాకు కనపళ్లేదమ్మా."

"మరి హారన్ కొట్టావుగా!"

"అది బస్సుకి."

నాకు ఒళ్లు మండిపోయింది. మా నాయనమ్మ మాత్రం నన్ను డ్రైవరు సీట్లో ఎక్కించి తలుపు వేయించింది. లోపల కొలిమిలా ఉంది. తను నా సైకిల్ నడిపించుకుంటూ లారీ ముందు నుంచి ఎడమ పక్కకి తిరిగింది. అంతే, మాయమైంది.

"ఏమే, కనపడుతున్నానా?"

"లేదు నాయనమ్మా, ఎక్కడున్నావు?"

ఎడమ తలుపు మీద దబదబా చప్పుడు. ఆ తలుపు కిందే ఉంది! ఆ పక్క వాడికి కనపడదని, ఎదురుగా బస్సు వస్తే వాడికీ నాలాగే ఎటూ దారి లేదని ఆ సీట్లో ఉక్కపోతలో అర్థమైంది. అందుకని కోపం తగ్గిందనుకోకండి.

ఎడమ కిటికీ దగ్గర కూర్చుని పక్క చూడాల్సిన క్లీనరు, సీజన్లో కాయ జారకుండా లోడు మీద కూర్చుంటాడట.

"మరి ఈ పక్క చూసేదెవరయ్యా?" అంది నాయనమ్మ.

"సీజన్లో అందరం ఇంతేనండీ" అని డ్రైవరు తల గోక్కున్నాడు.

"అందరూ ఇంతేనని పిల్లల్ని తొక్కేస్తారా? వాణ్ణి కిందికి దింపు."

క్లీనరు దిగి కిటికీ దగ్గర కూర్చున్నాడు. తర్వాత నాన్న వంతు వచ్చింది. "ముందు మన కంప వెనక్కి జరపరా" అంది. కాయ పోతుందని నాన్న గొణిగితే, "పోతే నాలుగు కాయలు పోతాయి. పిల్ల బడి మానాలా?" అంది.

చివరికి నా దగ్గరికి వచ్చింది. "వాడి అద్దంలో వాడి మొహం నీకు కనపడకపోతే నువ్వు వాడికి లేనట్టే. పక్కన ఉండకు, వెనకే ఆగు."

"తప్పు వాడిదైతే నేనెందుకు ఆగాలి?"

"బతికుంటే కదే దెబ్బలాడేది!"

మర్నాడు సైకిల్ మీదే బడికి వెళ్లాను. పరీక్షలూ రాశాను.

ఇప్పుడు నేను కారు నడుపుతాను. ముందు సైకిల్ ఉంటే, పక్కన బాగా ఎడం దొరికేదాకా దాటను. మొన్న ఒకాయన పాలక్యాన్లతో సైకిల్ మీద వెళుతుంటే వెనకే నెమ్మదిగా వెళుతున్నాను. నా వెనక కారు కుర్రాడు తల బయటపెట్టి, "ఏంటండీ ఆంటీ, ఊరేగింపా?" అని అరిచాడు. వాడి మొహం బాగా గుర్తుపెట్టుకున్నాను. బండి వేగం మాత్రం పెంచలేదు.